పరీక్షిత్తు అడిగిన ప్రశ్న

భూపాలపల్లి జిల్లాలో, ప్రాణహిత వచ్చి గోదావరిలో కలియు చోట, కాళేశ్వరము అను క్షేత్రము కలదు. అచ్చటి గర్భాలయములో ఒకే పానవట్టముపై రెండు లింగములు ఉండుట ఆ ఆలయపు విశేషము. ఒకటి కాళేశ్వరుడు, అనగా కాలుడైన యముడు. రెండవది ముక్తేశ్వరుడు, అనగా శివుడు. ముక్తేశ్వరుని సేవించిన వారందరు నేరుగా ముక్తి పొందుచుండగా యమునకు పని లేకపోయెనట. అతడు శివునితో మొరపెట్టుకొనగా, శివుడు తన ప్రక్కనే అతనికి చోటిచ్చి, ముందుగా యముని పూజించిన పిమ్మటనే తనను పూజింపవలెనని నియమించెనని స్థలపురాణము చెప్పుచున్నది. నేటికిని భక్తులు ఆ క్రమమునే పాటించుచున్నారు. చనిపోయిన తమ వారి అస్థికలను ఆ సంగమములో కలుపుటకు చుట్టుపట్ల ఊళ్ళ జనులు అచ్చటికి వచ్చుచుందురు. అట్టి చోట, ముందు మృత్యువు ముఖము చూచి తరువాతనే ముక్తి మాట తలపవలెనను ఆ నియమము వింతగా తోచదు.

కాళేశ్వరమునకు నైరుతి దిశగా, నేటి జనగామ జిల్లా పాలకుర్తి మండలములో బమ్మెర గ్రామమున్నది. పదునైదవ శతాబ్దములో భాగవతమును తెనిగించిన పోతన మహాకవి ఇంటిపేరు ఈ గ్రామము పేరే. ఆయన ఇచ్చటనే సేద్యము చేసికొనుచు గ్రంథరచన సాగించెనని ఈ ప్రాంతపు వారి నమ్మకము. భాగవతమనగానే గజేంద్రమోక్షము, ప్రహ్లాదచరిత్ర, రుక్మిణీకల్యాణము జ్ఞప్తికి వచ్చును. పాఠ్యపుస్తకములలో తరచుగా కనబడునవియు అవియే. కాని ఆ కథలన్నియు ఎవరికి, ఎప్పుడు, ఎందుకు చెప్పబడినవో అను సంగతి తరగతి గదిలో అంతగా ప్రస్తావనకు రాదు. అవి ఏడు దినములలో మరణింపనున్న ఒక మనుష్యునికి, అతడడిగిన ఒక ప్రశ్నకు సమాధానముగా చెప్పబడిన కథలు.

నయముకాని వ్యాధి అని తేలినప్పుడు నేటికిని మన ఇండ్లలో జరుగునది అందరు ఎరిగినదే. డాక్టరు రోగి కొడుకునో అల్లునో వరండాలోనికి పిలిచి మెల్లగా సంగతి చెప్పును. "నాయనకు తెలియనీయవద్దు" అని ఇంటివారందరు ఒక మాటపై నిలుతురు. రోగితో మాత్రము "ఇది వట్టి గ్యాసు నొప్పి, పది దినములలో తగ్గును" అని చెప్పుదురు. రోగి చాలమారులు సంగతి గ్రహించియే యుండును. తెలిసినదన్నచో వీరు బాధపడుదురని తానును తెలియనట్లే నటించును. ప్రేమచేతనే వారు ఇట్లు చేయుదురనుటలో సందేహము లేదు. అయినను ఇది రోగికి మేలు చేయుచున్నదా? వైద్యులు ఈ ప్రశ్నను శాస్త్రరీతిగా పరిశీలింప నారంభించి అరువది సంవత్సరములకు పైబడినది. కథలు చెప్పినవారు దీనిని గూర్చి బహుకాలము క్రిందటనే ఆలోచించిరి.

ఒకే రాజు, రెండు కథలు

పరీక్షిత్తు అభిమన్యుని కుమారుడు. పాండవుల తరువాత రాజ్యమేలినవాడు. ఒకనాడు వేటకు పోయి, ఆకలిదప్పులతో అలసి, శమీకుడను ముని ఆశ్రమమునకు వచ్చెను. ముని ధ్యానములో ఉండి పలుకలేదు. రాజు కోపించి, అచ్చట పడియున్న చచ్చిన పామును వింటికొనతో ఎత్తి ముని మెడపై వేసి పోయెను. ముని కుమారుడైన శృంగి ఇది విని, ఏడవ దినమున తక్షకుడను సర్పము కాటున రాజు చచ్చుగాక అని శపించెను. ఇంతవరకు కథ భారతములోను భాగవతములోను ఒకటియే. తరువాత జరిగిన దానిని రెండు గ్రంథములు రెండు విధములుగా చెప్పుచున్నవి.

నన్నయ పదునొకండవ శతాబ్దములో రాజమహేంద్రవరమున తెనిగించిన భారతములో ఈ కథ ఆదిపర్వమున వచ్చును. భారతకథలో అవమానము పొందిన శమీకుడే కుమారుని మందలించి, రాజు జాగ్రత్తపడుటకై తన శిష్యుని పంపి శాపము సంగతి తెలియజేసెను. రాజు మంత్రులతో ఆలోచించి, ఒంటి స్తంభముపై మేడ కట్టించుకొని, చుట్టును కావలి పెట్టించి, విషవైద్యులను, మందులను దగ్గర ఉంచుకొనెను. కాశ్యపుడను విషవైద్యుడు రాజును బ్రతికించి ధనము సంపాదింపవలెనని బయలుదేరెను. దారిలో తక్షకుడు ఎదురై తన విషబలము చూపుటకు ఒక మఱ్ఱిచెట్టును కాటువేసి బూడిద చేసెను. కాశ్యపుడు దానిని మరల చిగురింపజేసెను. అది చూచి తక్షకుడు, రాజు ఇచ్చుదానికంటె ఎక్కువ ధనమిచ్చి వైద్యుని వెనుకకు పంపెను. ఏడవనాటి సాయంకాలము, గడువు తీరినదని రాజు ధైర్యము తెచ్చుకొని, కానుకగా వచ్చిన పండ్లు తినబోగా, ఒక పండులో చిన్న పురుగు కనబడెను. అతడు నవ్వుచు, ముని మాట పొల్లుపోకుండ ఈ పురుగే కరచుగాక అని దానిని మెడపై పెట్టుకొనెను. ఆ పురుగే తక్షకుడు.

భాగవతములో ఒంటిస్తంభపు మేడ లేదు. రాజు ఆశ్రమమునుండి వచ్చినది మొదలు తాను చేసిన పనికి పశ్చాత్తాపము పడుచుండగా శాపవార్త అందెను. అతడు కుమారుడైన జనమేజయునకు రాజ్యమప్పగించి, గంగ దక్షిణపు గట్టున దర్భలపై ఉత్తరముఖముగా కూర్చుండెను. అచ్చటికి మునులు చాలమంది వచ్చిరి. చావు దగ్గరపడిన మనుష్యుడు ఏమి చేయవలెనని అతడు వారిని అడిగెను. ఇంతలో పదునారేండ్ల వయసు గల శుకుడు అచ్చటికి వచ్చెను. రాజు అతనిని అదే ప్రశ్న అడిగెను. శుకుడు ముందుగా ఖట్వాంగుడను రాజర్షిని జ్ఞాపకము చేసెను. ఖట్వాంగునకు తన ఆయువు ఒక్క ముహూర్తము మాత్రమే మిగిలినదని తెలిసినది. ముహూర్తమనగా దినములో ముప్పదవ భాగము. నేటి లెక్కలో 48 నిమిషములు. ఆ కొద్దిపాటి కాలమే అతనికి చాలెను. నీకు ఇంకను ఏడు దినములున్నవి అని శుకుడు ధైర్యము చెప్పి, చెప్పనారంభించినదే భాగవతము. చివర పన్నెండవ స్కంధములో రాజు తనకిక తక్షకుని భయము లేదని చెప్పి, శుకునకు నమస్కరించి, నిశ్చలముగా కూర్చుండెను. కాటు తప్పలేదు. మరణమును తప్పలేదు. మారినది ఆ ఏడు దినములు గడచిన తీరు.

ఈ రెండు కథలలో ఒకటి తప్పు, ఒకటి ఒప్పు అని నిర్ణయింప పనిలేదు. మందు ఉన్నప్పుడు మందు వెదకుట వివేకమే. నేడు పాము కరచినచో ఆలస్యము చేయక ఆస్పత్రికి పోవలెను. 1890 దశాబ్దములో ఆల్బర్ట్ కాల్మెట్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు నాగుపాము విషమునకు విరుగుడు సీరము తయారుచేసిన తరువాత, మఱ్ఱిచెట్టును చిగురింపజేసిన కాశ్యపుని విద్య కొంత నిజమైనదనియే చెప్పవచ్చును. పల్లెటూళ్ళలో మంత్రగాని దగ్గర కాలము పోగొట్టుకొని చనిపోవువారు మేడ కట్టుకొన్న పరీక్షిత్తు చూపిన జాగ్రత్త కూడ చూపనివారు. కాని మందు లేదని తేలిన పిమ్మట ఏమి చేయవలెను? మేడకథ ఈ ప్రశ్నకు సమాధానము చెప్పదు. గంగగట్టు కథ చెప్పును.

ఆ కథలో మూడు సంగతులు గమనింపదగినవి. మొదటిది, నిజము అతనికి సకాలములో తెలిసెను. రెండవది, చేయవలసిన పనులు చక్కబెట్టుకొనుటకు, రాజ్యమప్పగించుటకు, అతనికి వ్యవధి దొరకెను. మూడవది, అతనిని ఒంటరిగా వదలలేదు. ఏడు దినములు ఒకరు ప్రక్కన కూర్చుండి అతడడిగిన ప్రశ్నలకెల్ల సమాధానము చెప్పెను. ఈ మూడును లేనిచోట మనుష్యుడు ఎట్లు మరణించునో ఎరుగవలెనన్నచో మరొక దేశపు కథ చూడవలెను.

న్యాయాధికారి రోగము

రష్యా రచయిత టాల్‌స్టాయి 1886 లో "ఇవాన్ ఇల్యీచ్ మరణము" అను చిన్న నవలను ప్రకటించెను. ఇవాన్ ఇల్యీచ్ న్యాయాధికారి. మంచి ఉద్యోగము, మంచి ఇల్లు గలవాడు. క్రొత్త ఇంటిలో తెరలు కట్టించుచు నిచ్చెన మీదినుండి జారగా ప్రక్కకు చిన్న దెబ్బ తగిలెను. కొంతకాలమునకు ఆ ప్రక్కననే నొప్పి మొదలయ్యెను. డాక్టర్లు మూత్రపిండము జారినదా, పేగు చెడినదా అని తర్కించుకొందురు. అతనికి కావలసిన ప్రశ్న ఒక్కటియే: ఇది ప్రమాదకరమా, కాదా? దానికి మాత్రము ఎవరును సమాధానము చెప్పరు. న్యాయస్థానములో తాను ముద్దాయిలతో ఎంత ముభావముగా మాట్లాడునో, డాక్టరును తనతో అట్లే మాట్లాడుచున్నాడని అతనికి తోచును.

వ్యాధికంటె అతనిని ఎక్కువ బాధించినది అబద్ధము. భార్య, స్నేహితులు, వైద్యులు అందరును అతడు కొంచెము జబ్బుగా ఉన్నాడనియు, సక్రమముగా మందు తీసికొన్నచో నయమగుననియు నటించిరి. తాను చనిపోవుచున్నానని అతనికి తెలియును, వారికిని తెలియును. అయినను ఆ నాటకములో తననుకూడ ఒక వేషము వేయుమనుట అతనికి దుర్భరమయ్యెను. ఆ ఇంటిలో నిజము పలికినవాడు గెరాసిము అను పల్లెటూరి పనివాడొక్కడే. యజమాని కాళ్ళు ఎత్తిపట్టుకొన్నచో నొప్పి తగ్గునని తెలిసి, అతడు రాత్రులు కూర్చుండి ఆ కాళ్ళను తన భుజములపై పెట్టుకొనును. అందరము ఒకనాడు పోవలసినవారమే గదా, ఈ కొంచెము శ్రమ ఎందుకు పడరాదు అని అతని తలపు. ఇవాన్ ఇల్యీచ్‌కు శాంతి దొరకునది అతని దగ్గర మాత్రమే.

చివరి మూడు దినములు అతడు నొప్పితోను భయముతోను కేకలు వేయును. ప్రాణము పోవుటకు కొంచెము ముందు, బడిలో చదువుకొను అతని కుమారుడు మంచము దగ్గరకు వచ్చి, తండ్రి చేతిని ముద్దుపెట్టుకొని ఏడ్చును. అప్పుడు మొదటిసారిగా అతనికి తనమీదకాక వారిమీద జాలి కలుగును. అంతతో భయము తొలగును. పరీక్షిత్తునకు ఏడు దినములలో దొరకినది ఇవాన్ ఇల్యీచ్‌కు చివరి గంటలలో దొరకెను. మధ్యనున్న నెలలన్నియు అబద్ధము క్రింద వ్యర్థమయ్యెను.

మన పాఠకులకు ఇంకొక మరణము బాగుగ తెలియును. శరత్‌చంద్రుని "దేవదాసు" నవల 1917 లో వెలువడినది. 1953 లో వచ్చిన చలనచిత్రము ద్వారా ఆ కథ తెలుగునాట ఇంటింటికి చేరినది. త్రాగుడుచే శరీరము శిథిలమై, దేవదాసు ఎడ్లబండిలో పార్వతి ఊరు చేరి, ఆమె వాకిటిముందు ఎవరును తెలియని పరదేశివలె ప్రాణము విడిచెను. అతనికి తన స్థితి తెలియును. కాని ప్రక్కన కూర్చుండి వినువారు లేరు. ఆ చివరి రాత్రిని చూచి ప్రేక్షకులు కంట తడిపెట్టుటకు ప్రేమ విఫలమగుట ఎంత కారణమో, ఆ ఒంటరితనమును అంత కారణము.

ఆరోగ్యవరములో ఒక తెలుగు రోగి

శరత్ నవలలు తెలుగువారికి దగ్గరగుటలో ఒక రోగి పాత్ర ఉన్నది. తెనాలి ప్రాంతమునకు చెందిన ఆలూరి వెంకటసుబ్బారావు, అనగా చక్రపాణి, 1930 దశాబ్దములో క్షయవ్యాధి సోకి మదనపల్లె దగ్గరనున్న ఆరోగ్యవరపు శానిటోరియములో చేరెను. 1915 లో మొదలైన ఆ శానిటోరియమునకు మొదటి అధిపతి డెన్మార్కు దేశపు వైద్యుడు ఫ్రిమోట్ మోలర్.

ఆ రోజులలో క్షయ అనగా ఏమో నేటి విద్యార్థులకు ఊహించుట కష్టము. క్షయకు కారణమైన క్రిమిని రాబర్ట్ కాక్ 1882 లో కనుగొనెను. కాని దానిని చంపు మందు చాలకాలము దొరకలేదు. శుభ్రమైన గాలి, మంచి ఆహారము, నెలల తరబడి మంచముపై విశ్రాంతి, ఇవియే చికిత్స. కొందరు కోలుకొనిరి, అనేకులు కోలుకొనలేదు. ఏ మంచముమీది వాడు లేచి ఇంటికి పోవునో, ఏ మంచము ఖాళీయగునో ఎవరికిని తెలియదు. అట్టి చోట చక్రపాణి తోటి రోగియొక్క సహాయమున బెంగాలీ భాష నేర్చుకొనెను. ఆ భాషతోనే తరువాత శరత్ రచనలను తెలుగు చేసెను. ఆయన వ్యాధి తగ్గి బ్రతికినవాడు. "చందమామ" పత్రికకును, విజయా సంస్థ చిత్రములకును ఆయన చేసిన కృషి అందరు ఎరిగినదే. 1975 లో మరణించెను. కాని బెంగాలీ నేర్చుకొను దినములలో తాను బ్రతుకుదునని ఆయనకు తెలియదు గదా! మిగిలిన కాలము ఎంతయో తెలియనప్పుడు ఆ కాలముతో ఏమి చేయవలెనను ప్రశ్న ఆయన ముందును ఉన్నది. ఆయన చేసిన పని ఆ ప్రశ్నకు ఒక సమాధానము. తోటి రోగి పాఠము చెప్పుట ఇంకొక సమాధానము.

1943 లో అమెరికాలో వాక్స్‌మన్ ప్రయోగశాలలో షాట్జ్ స్ట్రెప్టోమైసిన్‌ను వేరుచేసెను. 1952 లో ఐసోనియాజిడ్ వాడుకలోనికి వచ్చెను. 1956 లో మదరాసులో నెలకొల్పిన క్షయ రసాయనచికిత్సా కేంద్రము, రోగిని శానిటోరియములో పెట్టకుండ ఇంటి దగ్గరనే మందులిచ్చియు నయము చేయవచ్చునని 1959 లో ప్రపంచమునకు చూపెను. ఒకప్పుడు మరణశాసనమైన వ్యాధి నేడు సక్రమముగా మందు మ్రింగినచో నయమగు వ్యాధి. కాబట్టి మరణమును ప్రశాంతముగా ఎదుర్కొనుటయనగా వ్యాధికి ముందే లొంగిపోవుట కాదు. కాశ్యపుడు రాగలిగినంతవరకు ఆయనకై ఎదురుచూడవలెను. రాడని తేలిన తరువాత గంగగట్టు మాట.

వైద్యశాస్త్రము నేర్చుకొన్న పాఠము

వైద్యులు ఈ విషయమున ఎట్లు మారిరో రెండు లెక్కలు చెప్పగలవు. 1961 లో అమెరికాలోని చికాగో నగరపు వైద్యులను ఒకరు ప్రశ్నింపగా, వారిలో నూటికి 90 మంది క్యాన్సరు రోగికి వ్యాధి పేరు చెప్పకుండుటయే మేలనిరి. అదే ప్రశ్నావళిని 1979 లో మరియొక ఆస్పత్రి వైద్యులకు ఇయ్యగా, సమాధానమిచ్చిన 264 మందిలో నూటికి 97 మంది చెప్పుటయే మేలనిరి. పదునెనిమిది సంవత్సరములలో అభిప్రాయము తలక్రిందులయ్యెను.

ఈ మార్పునకు పలు కారణములున్నవి. చికిత్సలు మెరుగుపడినవి, రోగి సమ్మతి లేక చికిత్స చేయరాదను నియమము బలపడినది. వానితోబాటు, చనిపోవు రోగుల మాట ఓపికగా వినిన కొందరి కృషియు ఉన్నది. ఇంగ్లండులో సిసిలీ సాండర్స్ మొదట నర్సు, తరువాత ఆస్పత్రిలో రోగుల సంక్షేమము చూచు ఉద్యోగిని. 1948 లో లండనులో డేవిడ్ టాస్మా అను పోలండు దేశపు యూదుడు క్యాన్సరుతో ఒంటరిగా మరణించుచుండగా ఆమె అతని ప్రక్కన కూర్చుండి మాట్లాడుచుండెడిది. చనిపోవువారికై ఒక ఇల్లు ఉండవలెనని ఇద్దరును అనుకొనిరి. అతడు మరణించుచు, ఆ ఇంటికి తానొక కిటికీ అగుదునని 500 పౌనులు విడిచిపోయెను. ఆమె అటుపై వైద్యము చదివి 1957 లో డాక్టరయ్యెను. 1967 లో లండనులో సెయింట్ క్రిస్టఫర్ హాస్పిస్ అను ఆస్పత్రిని తెరచెను. రోగి బాధ శరీరమునందే కాక మనస్సునందు, కుటుంబమునందు, నమ్మకములందు కూడ ఉండునని, అన్నిటికిని కలిపి చికిత్స చేయవలెనని ఆమె బోధించెను. నొప్పి భరింపరానిదైన తరువాత మందిచ్చుట కాదు, నొప్పి రాకముందే గడియారము చూచి వేళకు మార్ఫీను ఇయ్యవలెననునది ఆమె పద్ధతి.

1969 లో ఎలిజబెత్ క్యూబ్లర్ రాస్ అను వైద్యురాలు మరణించువారితో జరిపిన సంభాషణలను గ్రంథముగా ప్రకటించెను. నిరాకరణము, కోపము, బేరము, నిస్పృహ, అంగీకారము అను అయిదు దశలను ఆమె వివరించెను. అందరును ఆ వరుసలోనే పోవుదురని తరువాతి పరిశోధనలు నిరూపింపలేదు. కాని రోగిని అడుగవచ్చును, రోగి చెప్పగలడు అను సంగతి ఆ గ్రంథముచే స్థిరపడినది.

రోగికి నిజము చెప్పి, బాధ తగ్గించి, తోడుండినచో అతడు కుంగి త్వరగా చనిపోవునను భయము చాలమందికి ఉన్నది. 2010 లో అమెరికాలోని బోస్టను నగరమున ప్రకటింపబడిన ఒక పరిశోధన ఈ భయమును పరీక్షించినది. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సరు గల 151 మందిని రెండు వర్గములుగా విభజించిరి. ఒక వర్గమునకు మామూలు చికిత్స మాత్రమే; రెండవ వర్గమునకు దానితోబాటు మొదటినుండియు ఉపశమన వైద్యుల సహాయము. ఆ వైద్యులు నొప్పిని, ఆయాసమును తగ్గించుటయేకాక, వ్యాధి ఏ దారి పట్టునో, రోగికి ఏది ముఖ్యమో అతనితో మాట్లాడుచుండిరి. నిస్పృహ లక్షణములు మొదటి వర్గములో నూటికి 38 మందికి కనబడగా, రెండవ వర్గములో 16 మందికి మాత్రమే కనబడినవి. మధ్యస్థముగా జీవించిన కాలము మొదటి వర్గమున 8.9 నెలలు, రెండవ వర్గమున 11.6 నెలలు. మాటయు తోడును ఆయువును తగ్గింపలేదు.

మన దేశములో మొదటి హాస్పిస్ 1986 లో బొంబాయిలో శాంతి ఆవేదన సదనము అను పేర మొదలయ్యెను. 1993 లో కేరళలోని కోజికోడులో ఏర్పడిన ఉపశమన చికిత్సా సంఘము స్వచ్ఛంద సేవకుల సాయముతో రోగుల ఇండ్లకే పోవు పద్ధతిని వ్యాపింపజేసెను. హైదరాబాదులోని మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సరు ఆస్పత్రిలోను ఇట్టి విభాగము పనిచేయుచున్నది. మార్ఫీను విషయమున మాత్రము మన చరిత్ర విచారకరమైనది. మందులకు కావలసిన నల్లమందును పండించు దేశమైనను, 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము విధించిన కట్టుబాట్లచే ఆస్పత్రులు మార్ఫీను పొందుట కష్టమై, ఎందరో రోగులు తగ్గింపదగిన నొప్పినే భరించుచు మరణించిరి. 2014 లో ఆ చట్టమును సవరించి వైద్యమునకు కావలసిన మార్ఫీను దొరకుటకు దారి సులభము చేసిరి. చట్టము మారుట ఒక ఎత్తు. వైద్యులు దానిని వాడ నేర్చుకొనుట, కుటుంబములు అడుగ నేర్చుకొనుట ఇంకొక ఎత్తు.

అసంపూర్ణమైన పని

చనిపోవు మనుష్యుని పెద్ద బాధలలో ఒకటి, పని పూర్తికాలేదనుట. దీనికిని బమ్మెరలోనే ఒక ఉదాహరణము దొరకును. నేడు పోతన భాగవతమని చదువుచున్న పన్నెండు స్కంధములలో అన్నియు పోతన చేతివి కావు. అయిదవ స్కంధము గంగనది, ఆరవది సింగనది, పదునొకండవది, పన్నెండవది వెలిగందల నారయవి. పరీక్షిత్తు ప్రశ్న అడిగిన ఘట్టము పోతనది. ఆ ప్రశ్నకు సమాధానము విని అతడు కన్నుమూసిన ఘట్టము నారయది. ఒకరు మొదలిడిన దానిని మరియొకరు ముగించిరి. చదువువానికి గ్రంథము ఒకటిగానే ఉన్నది.

భూపాలపల్లి జిల్లా పేరులో ఉన్న ఆచార్య కొత్తపల్లి జయశంకర్ ఉపాధ్యాయుడు; కాకతీయ విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడుగా పనిచేసినవాడు. జీవితమంతయు ప్రత్యేక తెలంగాణ రాష్ట్రము కొరకు వాదించి, క్యాన్సరు వ్యాధితో 2011 జూన్ 21 న మరణించెను. రాష్ట్రము 2014 జూన్ 2 న ఏర్పడినది. జిల్లా 2016 అక్టోబరు 11 న ఏర్పడి ఆయన పేరు ధరించినది. ఆయన చూడని దినమును ఆయన విద్యార్థులు చూచిరి. జనమేజయునకు రాజ్యమప్పగించుట అనగా ఇట్టిదే. పనిని తీసికొనువారు ఉన్నారని తెలిసినవాడు దానిని విడువగలడు. కాని అప్పగించుటకు వ్యవధి కావలెను. వ్యవధి ఉండుటకు నిజము తెలియవలెను. రోగికి వ్యాధి సంగతి దాచువారు ఈ వ్యవధినే అతనినుండి తీసికొనుచున్నారు. పొలము కాగితములు ఎక్కడనున్నవో, ఎవరితో తగవు తీర్చుకొనవలెనో, ఏ మనుమరాలిని చూడవలెనో చెప్పుటకు ఆతనికి అవకాశమే లేకపోవును.

నిజము చెప్పుటయనగా ఒక్కసారిగా బండవేయుట కాదు. రోగి ఎంత తెలిసికొనగోరుచున్నాడో ముందడుగుట, అతడడిగినంత మేరకు చెప్పుట, చెప్పిన పిమ్మట లేచిపోక కూర్చుండుట, నేటి ఉపశమన వైద్యులు పాటించు పద్ధతి ఇది. తెలిసికొనగోరని వానికి బలవంతముగా చెప్పరాదు. గోరినవానికి దాచరాదు. శుకుడును రాజు అడిగిన పిమ్మటనే చెప్పనారంభించెను. అడిగిన ప్రతి ప్రశ్నకును నిలిచి సమాధానము చెప్పెను.

ఉన్నత పాఠశాలలలో గజేంద్రమోక్షమును బోధించు ఉపాధ్యాయుడు పద్యము చదువుటకు ముందు ఒక్క నిమిషము ఆగి, ఈ కథను ఎవరు ఎవరికి చెప్పుచున్నారో పిల్లలకు తెలుపవచ్చును. మొసలి నోట చిక్కిన ఏనుగు కథను వినుచున్న శ్రోత మరణము నోట ఉన్నవాడే. ఆ సంగతి తెలిసినచో ఆ ఏనుగు మొర వేరుగా వినబడును. ఆ తరగతిలో తాతయో, నాయనయో మంచమునబడిన ఇంటినుండి వచ్చిన విద్యార్థి ఒకడుండవచ్చును. ఇంటిలో పెద్దలు గుసగుసలాడుట వాడు చూచుచునే యుండును. ఇవాన్ ఇల్యీచ్ మంచము దగ్గరకు వచ్చి చేయి పట్టుకొన్నవాడును బడిపిల్లవాడే యని, పెద్ద మాటలేవియు చెప్పనక్కరలేదని, వచ్చి ప్రక్కన కూర్చుండిన చాలునని వానికి తెలియును.